బొట్టు పెట్టిన చోటు

నా ఉద్యోగ జీవితమంతా ఊగేవాటిని ఆపడంలోనే గడిచింది. ఈ మాట తెనాలిలో మా అత్తగారికి చెప్పినప్పుడు ఆవిడ ఎంతో సంతోషించి, "అయితే మా హాల్లో ఫ్యాను గడగడలాడుతోంది, కాస్త చూడు నాయనా" అన్నారు. స్టూలెక్కి చూశాను. గంటసేపు కుస్తీ పట్టినా దాని గడగడ తగ్గలేదు. చివరికి వీధిలో ఎలక్ట్రీషియన్ వచ్చి రెండు నిమిషాల్లో సరిచేసి వెళ్ళాడు. అల్లుడి ప్రొఫెసర్‌గిరీ మీద ఆవిడకు మళ్ళీ నమ్మకం కుదరలేదు.

కొత్తగా ల్యాబుల్లో చేరుతున్న పిల్లలు ఇప్పటికీ అప్పుడప్పుడు వచ్చి, మీ సర్వీసులో గుర్తుండిపోయిన ప్రయోగం ఏది సార్ అని అడుగుతారు. బాగా కుదిరినవి చెబుతానని వాళ్ళ ఆశ. అవి పేపర్లలో ఉన్నాయి, ఓపికుంటే చదువుకోవచ్చు. నేను చెప్పేది ఏ పేపర్లోనూ రాయనిది. ఎనభైల చివర్లో ఖరగ్‌పూర్‌లో చెడిపోయిన ఒక ప్రయోగం గురించీ, దాని వెనక నేను చేసిన ఒక చిన్న పని గురించీ చెబుతాను.

అప్పట్లో మా ల్యాబు పాత షెడ్డులో ఉండేది. అందులో నేను, ఒకరిద్దరు రీసెర్చి విద్యార్థులు, ఒక టెక్నీషియన్. టెక్నీషియన్ది తెలుగు క్రైస్తవ కుటుంబం. తాతల కాలంలోనే శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చి ఖరగ్‌పూర్‌లో స్థిరపడినవాళ్ళు. ఆయన బెంగాలీ బెంగాలీవాళ్ళలా, హిందీ హిందీవాళ్ళలా మాట్లాడేవాడు. నాతో మాత్రం వాళ్ళ తాత తెలుగే. కృష్ణా జిల్లా అవతల తెలుగు లేదనుకునే వయసులో ఆ ఊరు వెళ్ళినవాణ్ణి నేను. మొదట్లో ఆయన "ఏటండి సార్" అంటే నవ్వొచ్చేది. కొన్నాళ్ళకి ఆ "ఏటండి" వినబడకపోతే ల్యాబు బోసిగా అనిపించేది.

ఆయన నాకంటే మూడు నాలుగేళ్ళు పెద్ద. తొమ్మిదేళ్ళుగా టెంపరరీ. ఆర్నెల్లకోసారి కాగితం వచ్చేది, ఆర్నెల్లు గడిచేవి. ఆ ఏడు ఎట్టకేలకు ఒక పర్మనెంటు పోస్టు మంజూరైంది. వయసు మినహాయింపు ఆ ఒక్కసారికే ఇచ్చారు. అది తప్పిపోతే ఆయన జీవితాంతం ఆర్నెల్ల మనిషే. ఈ సంగతి ఆయనకి తెలుసు, నాకూ తెలుసు.

మేం చేస్తున్న పని మీకు నాలుగు మాటల్లో చెబుతాను. మూరెడు అల్యూమినియం బద్ద. ఒక చివర బరువైన ఇనుప దిమ్మెలో బిగించి ఉంటుంది, రెండో చివర గాలిలో ఉంటుంది. మీటితే చాలాసేపు ఊగుతుంది. దిమ్మెకు దగ్గరగా, బద్దకు రెండు వైపులా పింగాణీ లాంటి పల్చటి పలకలు అతికిస్తాం. వాటిని వంచితే కరెంటు పుడుతుంది, కరెంటు ఇస్తే అవి వంగుతాయి. ఒక పలక బద్ద ఎటు ఊగుతోందో చెబుతుంది, రెండోది దానికి ఎదురు తోస్తుంది. ఉయ్యాలని సరైన సమయంలో ఎదురు తోస్తే ఆగిపోతుంది కదా, అదే ఇది. కాకపోతే తోసే బలమంతా జిగురు గుండా వెళ్ళాలి. జిగురు పట్టకపోతే పలక ఎంత వంగినా బద్దకు తెలియదు.

అప్పుడు మా దగ్గర ఉన్నవి రెండే పలకలు. విదేశాల నుంచి తెప్పించుకోవడానికి ఏడాది పైన పట్టింది. అతికించే చోట టెక్నీషియన్ సన్నటి గరుకు కాగితంతో రుద్ది, జిడ్డు పోయే మందుతో కడిగి, బద్దని కాగితంలో చుట్టి దారం కట్టాడు. "దీన్ని ఎవులూ ముట్టుకోకండి. ఎల్లుండి అతికీసుకుందాం" అని అందరికీ చెప్పాడు.

ఆ మర్నాడు విశ్వకర్మ పూజ. ఆ ఊళ్ళో ఆ రోజు ఎలా ఉంటుందో చూసినవాళ్ళకే తెలుస్తుంది. రైల్వే వర్క్‌షాపులో లేత్ మిషన్లకు దండలు, రిక్షాలకు దండలు, ఆకాశం నిండా గాలిపటాలు. మా షెడ్డులోనూ పూజ జరిగేది. నాకు భక్తి ఏమంత లేదు. కానీ సెప్టెంబరు ఎండలో ఆ వేడివేడి ఖిచుడీ, వంకాయ బజ్జీ మీద మాత్రం అపారమైన భక్తి ఉండేది. ఖిచుడీ వడ్డించేది ఎప్పుడూ మా టెక్నీషియనే. పూజ దగ్గర వెనక నిలబడేవాడు, వడ్డన దగ్గర ముందుండేవాడు. మిషన్లకు సిందూరం పెట్టడం మాత్రం నా వంతు. ఎలా నా వంతయిందో గుర్తులేదు, తెలుగు బ్రాహ్మణుడని మా బెంగాలీ హెడ్డు గారు అంటగట్టి ఉంటారు.

ఆవనూనెలో కలిపిన సిందూరం గిన్నె పట్టుకుని లేత్‌కి పెట్టాను, డ్రిల్లింగ్ మిషన్‌కి పెట్టాను, టైపు మిషన్‌కి కూడా పెట్టాను. బల్ల మీద కాగితం చుట్టిన బద్ద కనబడింది. వారం రోజుల్లో మా పని చూడటానికి కమిటీ రాబోతోంది, దాని మీదే మా బతుకు ఆధారపడి ఉంది. అన్నిటికీ పెట్టి దీన్నొక్కదాన్ని వదిలేస్తే ఎలా అనిపించింది. దారం విప్పాను. దిమ్మెకు దగ్గరగా ఉండే చోట ఒక చిన్న బొట్టు పెట్టాను. పెట్టాక టెక్నీషియన్ మాట గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాను. జేబురుమాలుతో శుభ్రంగా తుడిచి, మళ్ళీ చుట్టి, దారం కట్టేశాను. ఎవరూ చూడలేదు. ఖిచుడీ తినేసరికి నేనూ మర్చిపోయాను.

మర్నాడు ఆయన పలకలు అతికించాడు. రెండు రోజులు ఆరనిచ్చాడు. మూడో రోజు నేను వెళ్ళేసరికి ల్యాబు తాళంచెవితో ఒక పలక మీద మెల్లగా తడుతూ, చెవి దగ్గర పెట్టి వింటున్నాడు.

"ఏం చేస్తున్నావయ్యా?"

"మోత సూస్తన్నాను సార్. ఈ వైపు పలక సగం పట్టనేదండి. బోలుగా పలుకుతాంది." పలకను ఆనుకుని బద్ద మీద పెన్సిల్‌తో ఒక అర్ధచంద్రం గీశాడు. "ఇదిగో ఇక్కడి మట్టుకు."

ఆయన తండ్రి రైల్వేలో చక్రాలు తట్టి చూసే ఉద్యోగం చేశాడు. బండి స్టేషన్లో ఆగగానే పొడుగు కర్ర సుత్తితో ప్రతి చక్రాన్నీ కొట్టి, మోతని బట్టి పగులుందో లేదో చెప్పే పని. కొడుక్కి ఆ అలవాటు వచ్చింది. బకెట్ కొన్నా తట్టి చూసేవాడు. నాకు అదంతా ముచ్చటగానే ఉండేది గానీ సైన్సులా అనిపించేది కాదు.

నేను మీటరు తెచ్చి పలక తీగలకు తగిలించి చూశాను. అంకె సరిగ్గా ఉండవలసినంత ఉంది.

"బాగానే ఉందిగా."

"మీటరు బాగానే సెప్తాంది సార్. మోత బాగోనేదు. ఒక్క రెండ్రోజులు ఇవ్వండి. ఏడి గాలి ఎట్టి ఊడదీసి, మళ్ళీ రుద్ది అతికీస్తాను."

"ఊడదీసేప్పుడు విరిగితే? ఇంకొకటి లేదు. కమిటీ ఎల్లుండే వస్తోంది. అయినా అతికించింది నువ్వే. నీ పని మీద నీకే అనుమానమా?"

ఆయన నా మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. "మీ ఇష్టం సార్" అని తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

ఇక్కడ ఒక్కమాట. నా మీటరు అబద్ధం చెప్పలేదు. అది పలక ఆరోగ్యం గురించి చెప్పింది, జిగురు గురించి చెప్పలేదు. నేను అడిగింది ఒకటి, తెలుసుకోవలసింది ఇంకొకటి. ఇంజనీరింగ్ ప్రొఫెసరుకు ఈ తేడా తెలియదా అంటే, పరీక్ష పేపర్లో వస్తే తెలుసు. ఎల్లుండి కమిటీ ఉన్నప్పుడు తెలియలేదు.

కమిటీ వచ్చింది. ముగ్గురు బయటి పెద్దలు, మా హెడ్డు గారు. నేను బద్దని మీటాను. కంట్రోలు లేకుండా చాలాసేపు ఊగింది. మళ్ళీ మీటి స్విచ్చి వేశాను. ఆగాలి కదా, ఆగుతున్నట్టే ఉంది గానీ బద్ధకంగా ఆగుతోంది. "ఇంతేనా?" అన్నట్టు ఒకాయన కళ్ళజోడు సవరించుకున్నారు. నాకు ఉక్రోషం వచ్చింది. తోపు బలం పెంచే నాబ్ తిప్పాను. ఇంకాస్త తిప్పాను. వెనక నుంచి టెక్నీషియన్ "సార్, సాలండి" అన్నాడు. వినబడింది. ఇంకొంచెం తిప్పాను.

బద్ద ఒక్కసారిగా కీచుమంది. ఆగడం మానేసి రెచ్చిపోయింది. టప్పుమని శబ్దం వచ్చింది, పలక రెండు ముక్కలై ఒకటి కమిటీ పెద్దాయన బూటు పక్కన పడింది.

 హెడ్డు గారు చాలా మర్యాదగా అడిగారు. "అతికించింది ఎవరు?"

నేను చెయ్యెత్తి టెక్నీషియన్ని చూపించాను. "మా టెక్నీషియన్" అన్నాను.

అది అబద్ధం కాదు. అందుకే అంత తేలిగ్గా నోటికొచ్చింది. ఆయన మోత బాగాలేదన్నాడనీ, రెండు రోజులు అడిగాడనీ, నేనే వద్దన్నాననీ చెప్పడానికి ఇంకో మూడు వాక్యాలు కావాలి. ఆ మూడూ మింగేశాను. హెడ్డు గారు చిన్న కాగితం మీద ఏదో రాసుకున్నారు. వచ్చే సోమవారం ఆ పర్మనెంటు పోస్టు ఇంటర్వ్యూకి అధ్యక్షుడు ఆయనే. టెక్నీషియన్ తలుపు దగ్గర నుంచి వచ్చి, కింద కూర్చుని, ఆ పెద్దాయన బూటు పక్కనున్న ముక్కని జాగ్రత్తగా తీసి కాగితంలో పెట్టాడు.

రెండు రోజులు మేమిద్దరం పని మాటలు తప్ప మాట్లాడుకోలేదు. శనివారం నేను ఒక్కణ్ణే ఆ కాగితం విప్పాను. పలక వెనక సగం జిగురు గరుగ్గా ఉంది, అది పట్టిన చోటు. మిగతా సగం అద్దంలా నున్నగా ఉంది, అది పట్టని చోటు. దాన్ని బద్ద మీద ఆనించి చూస్తే ఆ నున్నటి భాగం సరిగ్గా ఆయన పెన్సిల్ అర్ధచంద్రంలో కూర్చుంది.

కిటికీ వెలుగులో పెట్టి చూశాను. నున్నటి జిగురులో లేత ఎరుపు జీర ఉంది.

మొదట తుప్పు అనుకున్నాను. అల్యూమినియానికి ఆ రంగు తుప్పు ఎక్కడిది? తర్వాత జేబురుమాలు గుర్తొచ్చింది. స్టూలు మీద కూర్చున్నాను. గరుకు కాగితంతో రుద్దిన గీతల్లోకి ఆవనూనె దిగితే జేబురుమాలుతో పోతుందా? ఇది మొదటి సంవత్సరం కుర్రాడికి కూడా తెలిసిన విషయం. నేను ఆ మనిషిని చెయ్యెత్తి చూపించాను. ఆ చేతి వేలే బొట్టు పెట్టింది. ఇలా అంటే నాటకంలా ఉంటుందని తెలుసు, కానీ ఆ రోజు నేను నిజంగానే నా వేలి వంక చూసుకున్నాను.

ఆదివారం సైకిలెక్కి ప్రేమ్ బజార్ దాటి, గోల్‌బజార్ సందడిలోంచి వాళ్ళ పేట వైపు వెళ్ళాను. అప్పుడే చర్చి నుంచి వచ్చినట్టున్నారు, తండ్రీ కొడుకులు తెల్ల చొక్కాల్లోనే ఉన్నారు. తండ్రి డెబ్భై దాటిన మనిషి. టెక్నీషియన్ భార్య కుర్చీ వేసి, టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. నేను కూర్చోకుండానే చెప్పేశాను.

"అక్కడ బొట్టు పెట్టింది నేను."

"తెలుసండి" అన్నాడు టెక్నీషియన్.

"తెలుసా?"

"అతికించే ముందు దూది ఎట్టి తుడిస్తే ఎర్రగొచ్చినాది. మూడు సార్లు తుడిసినాను. పోయినాదనుకున్నాను. మళ్ళీ గరుకు కాగితం ఎట్టి రుద్దాల్సింది, అది నా తప్పే. అనుమానం పోక తట్టి సూసినాను."

"మరి నాతో చెప్పలేదేం? ఆ రోజు కమిటీ ముందైనా చెప్పొచ్చుగా!"

 "ఎలా సెప్పనండి సార్? నేను సర్చికెళ్ళే మనిషిని. మీరెట్టిన బొట్టు వల్ల పని పాడయినాదని నా నోటంట వస్తే, ఇనేవోళ్ళు ఒకలాగ ఇంటారా? మీరైనా ఏటనుకుంటారో అని. తొమ్మిదేళ్ళు మీ అందరితో కలిసి ఖిచుడీ తిన్నాను. ఉద్యోగం కోసం ఆ మాట అనలేకపోయినాను."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. వాళ్ళావిడ టీ పట్టుకొచ్చి, నన్ను చూసి, గ్లాసు బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

అప్పటిదాకా వింటున్న ముసలాయన అడిగాడు. "మీటరు సూసినారంట కదా. సెవి ఎట్టినారా?"

"లేదండి."

ఆయన కొడుకుని రెండు అల్యూమినియం ముక్కలు తెమ్మన్నాడు. ఇంట్లో సాధన చెయ్యడానికి టెక్నీషియన్ గాజు ముక్కలు అతికించుకున్నవి అవి. ఒకటి బాగా పట్టినది, ఒకటి పట్టనిది. తాళంచెవి నా చేతికిచ్చారు. మొదటిది తట్టాను, ఠంగుమంది. రెండోది తట్టాను, డబ్బుమంది. అంతే. ఏ చదువూ అక్కర్లేదు. చెవి పెట్టిన వాడెవడికైనా తెలుస్తుంది. ల్యాబులో టెక్నీషియన్ నా పక్కనే నిలబడి తట్టినప్పుడు నేను వినకుండా మీటరు కోసం వెళ్ళాను.

"నేను సక్రం మీద సుద్దతో గీత గీసినానంటే" అన్నాడు ముసలాయన, "ఎంత పెద్ద దొరయినా ఆ పెట్టిని బండి నుంచి ఇప్పాల్సిందే. పాసింజర్లు అరిసినా ఆగీవోరు. నా కొడుకు పెన్సిల్ గీతకి ఆ ఇలవ నేకపోయినాది."

కోపంగా అనలేదు. ఉన్నమాట చెప్పినట్టు చెప్పాడు. బయల్దేరుతుంటే టెక్నీషియన్ సైకిలు దాకా వచ్చాడు. "రేపు ఇంటర్వ్యూలో ఆ మాట సెప్పకండి సార్. అందరి ముందరా మీకు నామోషీ" అన్నాడు. లోపలి నుంచి తండ్రి గొంతు వినబడింది. "సెప్పనీరా ఆయన్ని!"

సోమవారం ఇంటర్వ్యూలో ల్యాబు తరఫున నన్ను కూర్చోబెట్టారు. టెక్నీషియన్ లోపలికి రాగానే హెడ్డు గారు కాగితం చూసుకుని, "పోయిన వారం ప్రయోగం పాడైంది నీ చేతిలోనే కదా" అని మొదలుపెట్టారు. నేను లేచి, పలక ముక్కని బల్ల మీద పెట్టాను. "ఈ ఎరుపు నాది" అన్నాను. పూజ రోజు సంగతీ, పెన్సిల్ గీతా, మీటరూ, నాబూ అన్నీ చెప్పాను. మొన్న మింగిన మూడు వాక్యాలు ఆ రోజు ముప్పై అయ్యాయి.

హెడ్డు గారు ముక్కని కిటికీ వైపు ఎత్తి చూశారు.  ఇక నా పరువు పోయినట్టే అనుకున్నాను. ఆయన నెమ్మదిగా ముక్క కింద పెట్టి, "ఏమండీ మొషాయ్, ప్రతి ఏడూ నా బీరువాకి కూడా మీరే కదా పెడతారు. అందుకేనా దాని తలుపు పడటం లేదు?" అన్నారు. బయటి నుంచి వచ్చిన ఎక్స్‌పర్టు నవ్వలేదు. టెక్నీషియన్ వైపు తిరిగి, "సగం పట్టలేదని నీకెలా తెలిసింది?" అని అడిగారు.

టెక్నీషియన్ నా వైపు చూశాడు. నేను తలూపాను. జేబులోంచి తాళంచెవి తీసి, వాళ్ళ ముందున్న బల్ల మీదే తట్టుకుంటూ వెళ్ళాడు. ఎక్స్‌పర్టు గారి మోచేతి దగ్గర ఆగాడు. "ఇక్కడ సన్‌మైకా లేచిపోయిందండి, లోపల" అన్నాడు హిందీలో. ఆయన తన పెన్నుతో తట్టి చూసుకున్నారు. పక్కన తట్టారు. మళ్ళీ ఇక్కడ తట్టారు. తర్వాత హెడ్డు గారూ తట్టారు. ఐదు నిమిషాలు ఆ గదిలో పెద్దలందరూ బల్ల తడుతూ చెవులొగ్గి కూర్చున్నారు.

పోస్టు ఆయనకే వచ్చింది. కొత్త పలకలు రావడానికి మళ్ళీ ఏడాది పట్టింది. ఈసారి ఆయన అతికించి, తట్టి విని, తాళంచెవి నా చేతికిచ్చాడు. నేనూ తట్టి విన్నాకే తీగలు కలిపాం. మీటిన బద్ద కన్ను మూసి తెరిచేలోగా ఆగింది. ఆ రోజు గంతులేశాం గానీ, నాకు బాగా గుర్తున్నది అది కాదు.

ఆ కొత్త బద్ద తయారవుతున్నప్పుడే మళ్ళీ విశ్వకర్మ పూజ వచ్చింది. నేను సిందూరం గిన్నె ముట్టుకోనని దూరంగా నిలబడ్డాను. టెక్నీషియన్ వడ్డన గరిటె ఎవరికో ఇచ్చేసి నా దగ్గరకొచ్చాడు. చెయ్యి పట్టుకుని ఇనుప దిమ్మె దగ్గరికి తీసుకెళ్ళాడు. దిమ్మె పక్కన, ఏ బద్దా ఏ తీగా తగలని చోట, తెల్ల పెయింటుతో పావలా కాసంత గుండ్రటి సున్నా చుట్టి ఉంది.

"బొట్టు ఇక్కడెట్టండి సార్. ఇక్కడ ఎంతెట్టినా ఏటవదు" అన్నాడు. గిన్నె తనే పట్టుకున్నాడు.

తొంభైల చివర్లో ఆయన రిటైరయ్యేదాకా ప్రతి ఏడూ అక్కడే పెట్టాను. ఆయన సర్వీసులో చివరి పూజ రోజు కూడా పెట్టాను. అప్పటికి ఆ సున్నా కనబడటం లేదు. ఏళ్ళ తరబడి సిందూరం పొరలు పొరలుగా పేరుకుని ఎర్రగా, మందంగా గట్టిపడింది. ఆయన జేబులోంచి తాళంచెవి తీశాడు. ఆ నెలాఖరుకి అది వేరేవాళ్ళకి అప్పగించాలి. ఆ ఎర్రటి పొర మీద మెల్లగా ఒకసారి తట్టి, చెవి ఆనించి విన్నాడు.

"ఇది మట్టుకు బాగా అతుక్కున్నాది సార్" అన్నాడు.